బోర్డు పోతే లాప్‌టాప్ మొత్తం పోయినట్టేనా?

చెడిపోయిన లాప్‌టాప్‌ను చంకన పెట్టుకుని సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు వెళ్లేవారిని ఎక్కువగా భయపెట్టే మాట ఒకటుంది: ‘బోర్డు పోయింది’. బ్యాటరీ పోతే కొత్తది వేయించుకోవచ్చు, కీబోర్డు పోతే మార్పించుకోవచ్చు. మదర్‌బోర్డు పోయిందంటే మాత్రం ఇక కొత్త మెషిన్ కొనుక్కోవడమే మేలేమోనన్న లెక్కలు మొదలవుతాయి. ఇప్పుడు వస్తున్న సన్నపాటి లాప్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ పోయినా బోర్డు పోయినట్టే. కొన్నింట్లో స్టోరేజీదీ అదే కథ. అవి ఊడదీసి మార్చే భాగాలుగా కాకుండా, బోర్డుకే టంకం పెట్టి వస్తున్నాయి. ఈ పద్ధతి ఇంతగా పాకడానికి సాంకేతిక కారణం కొంతే. అడిగేవాళ్లు లేకపోవడమే పెద్ద కారణం.

ఇలా అతికించడమే మేలన్న కంపెనీల వాదనలో నిజమెంతో తేలాలంటే బోర్డు చేసే పనేమిటో చూడాలి. డెస్క్‌టాప్‌లో పవర్ సప్లై నుంచి ప్రధానంగా 12 వోల్టుల కరెంటు వస్తుంది. ప్రాసెసర్‌కు కావాల్సింది ఒక వోల్టుకు కాస్త అటూ ఇటూ. ప్రాసెసర్ చుట్టూ వరసగా కనిపించే కాయిల్స్, మాస్‌ఫెట్‌లు, కెపాసిటర్లు చేసేది ఈ తగ్గింపు పనే. 120 వాట్లు తీసుకునే ప్రాసెసర్‌కు 1.2 వోల్టుల దగ్గర 100 ఆంపియర్లు అందాలి. ఇంట్లో ఫ్యాన్లకూ ఛార్జర్లకూ వాడే మామూలు ప్లగ్ పాయింటు సామర్థ్యం 6 ఆంపియర్లే! బోర్డులో వేడెక్కేదీ, ముందుగా దెబ్బతినేదీ తరచుగా ఈ ప్రాంతమే.

వోల్టేజీలు కుదురుకున్నాక ప్రాసెసర్ మొదటి ఆదేశం కోసం బయాస్ చిప్ వైపు చూస్తుంది. ర్యామ్ ఉందా, గ్రాఫిక్స్ పలుకుతున్నాయా అని తనిఖీ చేసి, ఎస్‌ఎస్‌డీలోని విండోస్‌కో లినక్స్‌కో పగ్గాలు అప్పగించేది అందులోని ప్రోగ్రామే. యూఎస్‌బీ, సౌండు, నెట్‌వర్క్ లాంటి మిగతా రాకపోకలను చిప్‌సెట్ చూసుకుంటుంది. ఓ మూల రూపాయి బిళ్లలా ఉండే సీఆర్ 2032 సెల్, కరెంటు లేనప్పుడూ గడియారాన్ని నడుపుతుంది. పాత డెస్క్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఏళ్ల వెనక్కి పోతోందంటే, చాలావరకు ఆ సెల్ అయిపోయినట్టు. దాన్ని మార్చడం నిమిషాల పని.

అసలు చిక్కు ర్యామ్ దగ్గర ఉంది. డీడీఆర్ 5 ర్యామ్ ప్రారంభ వేగంలోనే ఒక్కో తీగ మీద సెకనుకు 480 కోట్ల బిట్లు పరుగెడతాయి. ఒక్కో బిట్‌కు దొరికే సమయంలో బోర్డు మీద సంకేతం మూడు సెంటీమీటర్ల దూరమే వెళ్లగలదు. అందుకే స్లాట్లను ప్రాసెసర్‌కు ఆనుకునే పెడతారు. కలిసి చేరాల్సిన సంకేతాల దారుల పొడవు సమానం కావడానికి కొన్ని రాగి గీతలను కావాలనే వంకరటింకరగా తిప్పుతారు. మధ్యలో వచ్చే ప్రతి అతుకూ సంకేతాన్ని కొంత చెడగొడుతుంది. కాబట్టి చిప్‌లను నేరుగా బోర్డుకు అతికిస్తే వేగం పెరుగుతుంది, బ్యాటరీ ఆదా అవుతుంది, మందం తగ్గుతుంది. ఈ వాదనను కొట్టిపారేయలేం. విప్పి మార్చుకునే లాప్‌టాప్‌లతో 2021లో పేరు తెచ్చుకున్న ఫ్రేమ్‌వర్క్ కంపెనీ కూడా, 2025లో ప్రకటించిన డెస్క్‌టాప్‌లో ఇదే కారణం చెప్పి ర్యామ్‌ను అతికించింది.

అలాగని దారే లేదనలేం. స్క్రూలతో బిగించి, కావాలంటే ఊడదీసుకునే ఎల్‌పీ క్యామ్ 2 మెమరీ మాడ్యూళ్లు వచ్చాయి. లెనోవో 2024లో థింక్‌ప్యాడ్ పీ 1 మోడల్‌లో వాటిని వాడింది కూడా. నిత్యం రాతకోతలకూ, బ్రౌజింగుకూ వాడే మామూలు లాప్‌టాప్‌కైతే పాతకాలపు స్లాటే చాలు. అక్కడ 8 జీబీ ర్యామ్‌ను శాశ్వతంగా అతికించడమంటే, నాలుగేళ్ల తర్వాత మరో 8 జీబీ కలుపుకునే వీలును ఇవాళే తీసేయడం.

మదర్‌బోర్డు చరిత్ర దీనికి పూర్తిగా భిన్నం. ఐబీఎం 1981లో తెచ్చిన పీసీలో కొత్త కార్డులు గుచ్చుకోవడానికి ఐదు స్లాట్లుండేవి. దాని సాంకేతిక మాన్యువల్‌లో సర్క్యూట్ బొమ్మలతో పాటు బయాస్ ప్రోగ్రామును కూడా అచ్చువేసి అమ్మారు. 1995లో ఇంటెల్ ఏటీఎక్స్ ప్రమాణం తెచ్చాక ఒక కంపెనీ బోర్డు మరో కంపెనీ డబ్బాలో కుదిరింది. 2017లో కొన్న ఏఎం 4 సాకెట్ బోర్డుల్లో చాలావాటికి, బయాస్ అప్‌డేట్ చేస్తే 2022లో వచ్చిన ఏఎండీ ప్రాసెసర్ సరిపోయింది. ఐదేళ్ల నాటి బోర్డు అలాగే ఉండగా కంప్యూటర్ మాత్రం కొత్తదైంది.

మరమ్మతు చేసేవారి నైపుణ్యం కొత్తగా నేర్పాల్సిందేమీ కాదు. 2000 దశకం మొదట్లో నాసిరకం కెపాసిటర్లు తలలు ఉబ్బి ప్రపంచమంతటా బోర్డులు మూలపడ్డాయి. పాతవి పీకి మంచివి వేస్తే చాలా బోర్డులు మళ్లీ లేచాయి. నేటి చిప్ లెవెల్ సర్వీసింగ్ షాపుల్లో షార్ట్ అయిన ఐసీని వెతికి, హాట్ ఎయిర్‌తో తీసి కొత్తది వేస్తున్నారు. వారికి లేనిది చేతిపని కాదు, సర్క్యూట్ బొమ్మ. 1981లో కొనుక్కోగలిగిన ఆ కాగితాన్ని ఇప్పుడు చాలా కంపెనీలు బయటికి ఇవ్వవు. ఎలాగో బయటపడి ఇంటర్‌నెట్‌లో తిరిగే ఫైళ్లే మెకానిక్కులకు దిక్కవుతున్నాయి.

ఫ్రాన్స్ 2021 నుంచి లాప్‌టాప్‌లకు మరమ్మతు మార్కులు వేయించి, పదికి ఎన్నో ధర పక్కనే చూపించాలని నిబంధన పెట్టింది. మన కేంద్ర ప్రభుత్వం 2022లో ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెచ్చింది. మొబైల్, ఎలక్ట్రానిక్ వస్తువులకు మరమ్మతు సూచీ ఎలా ఉండాలో 2025లో ఒక కమిటీ నివేదిక కూడా ఇచ్చింది. ఆ సూచీని లాప్‌టాప్‌లకు తప్పనిసరి చేయాలి. ర్యామ్, స్టోరేజీ అతికించి ఉంటే మార్కులు తగ్గాలి, సర్క్యూట్ బొమ్మ ఇచ్చే కంపెనీకి పెరగాలి.

ఆలోగా రాష్ట్రాలు చేయగలిగిందీ ఉంది. కార్యాలయాలకూ బడులకూ కంప్యూటర్లు కొనేటప్పుడు ‘ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, బ్యాటరీ విడిగా మార్చుకునేలా ఉండాలి’ అన్న షరతును టెండర్లో చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు. పెద్ద ఆర్డరు కోసం కంపెనీలు డిజైన్ మార్చడానికి వెనకాడవు. ఇంజినీరింగ్‌లో చేరబోయే పిల్లలకు లాప్‌టాప్ కొనే తల్లిదండ్రులూ రంగు, బరువు చూసుకున్నాక షాపులో అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ర్యామ్ స్లాట్లు ఎన్ని, అందులో ఖాళీ ఎన్ని? స్పెసిఫికేషన్ కాగితంలో ర్యామ్ పక్కన ‘ఆన్‌బోర్డ్’ అనో, ‘సోల్డర్డ్’ అనో ఉండి, విడిగా స్లాటు లేకపోతే, ఎక్కువ ర్యామ్ ఉన్న మోడల్‌నైనా ఎంచుకోవాలి, లేదా స్లాటున్న మరో కంపెనీ లాప్‌టాప్ చూపించమనాలి.