చేపల సంచీ

ఝుంపా లాహిరికి 2000లో పులిట్జర్ బహుమతి తెచ్చిపెట్టిన సంపుటి ‘ఇంటర్‌ప్రెటర్ ఆఫ్ మాలడీస్’. అందులో ‘మిసెస్ సేన్స్’ అని ఓ కథ. కలకత్తా నుంచి అమెరికా వచ్చిన ప్రొఫెసరుగారి భార్య కత్తిపీట ముందు కూర్చుని కూరలు తరుగుతూ, బడి వదిలాక ఎలియట్ అనే 11 ఏళ్ల కుర్రాణ్ని చూసుకుంటుంది.

ఆమెకు చేపలంటే ప్రాణం. తెచ్చుకోవాలంటే కారు నడపాలి. అదంటే భయం. బస్సెక్కితే సంచీలోంచి వాసన! ఇంగ్లిష్ వచ్చా, అందులో ఏముందని డ్రైవరు ఆరా తీస్తాడు. ధైర్యం చేసి కారు తీస్తే స్తంభానికి గుద్దుకుంటుంది. కుర్రాడూ ఇక రాడు.

బయట రంగు అడ్డు. ఇంట్లో భర్తకు తీరిక దొరికేదాకా ఎదురుచూపు. రెండూ కలిసి ఆమెను నాలుగు గోడల మధ్య కూర్చోబెట్టాయి. కలకత్తాలో చుట్టాలు మాత్రం ఆవిడ మహారాణిలా ఉందనుకుంటారు. చేపల సంచీ సంగతి ఇంటికి రాసేదెవరు?