సంతకం ఒకరితో, ఓటు ఇంకొకరికి

2005లో గాజా నుంచి ఇజ్రాయెల్ వైదొలగడాన్ని ప్రతిఘటించిన మతవాద జియోనిస్టు యువకుల్లో బెజలెల్ స్మోట్రిచ్ ఒకరు. షిన్ బెత్ ఆయనను మూడు వారాలు నిర్బంధించి, అభియోగం మోపకుండానే విడిచిపెట్టింది. ఆ తర్వాత ఆయన సహవ్యవస్థాపకుడిగా వెలసిన రెగావిమ్ సంస్థ, అనుమతి లేని కట్టడాల పేరిట పాలస్తీనియన్ల ఇళ్లు కూల్పించడానికి న్యాయస్థానాలను ఆశ్రయించింది.

2022 చివరలో ఆయన ఆర్థిక మంత్రి అయ్యారు. రక్షణ శాఖలోనూ పదవి దక్కింది. నాడు అర్జీ పెట్టుకున్న చేతికే నేడు వెస్ట్ బ్యాంక్ ఆవాసాలపై అధికారం చిక్కింది. 2023లో హువారా పట్టణాన్ని తుడిచిపెట్టాలన్నారు. పాలస్తీనా జాతి అనేదే లేదన్నారు. 2025 జూన్‌లో బ్రిటన్, కెనడా సహా ఐదు దేశాలు ఆయనపై ఆంక్షలు విధించాయి.

మూడు నెలలైనా తిరగకముందే, సెప్టెంబరు 8న, ఢిల్లీ ఆయనతోనే పెట్టుబడుల ఒప్పందం కుదుర్చుకుంది. నాలుగు రోజులకు ఐక్యరాజ్యసమితిలో రెండు దేశాల పరిష్కారానికి ఓటు వేసింది. ఆర్థిక ఒప్పందం ఆర్థిక మంత్రితో గాక ఇంకెవరితోనని సమర్థకులు అడగవచ్చు. అయితే ఆవాసాల విస్తరణకు నిధులందించే ఖజానా కూడా ఆ మంత్రిదే. 1988లోనే పాలస్తీనాను గుర్తించిన దేశం దీనిని సమతుల్యత అనుకుంటే, అది ఆత్మవంచన.