ఒక్క గీటు ఎక్కువైతే...

సింగర్ అంటే మనకు కుట్టుమిషనే గుర్తొస్తుంది. అమ్మమ్మల కాలం నుంచీ ఇంటింటా తెలిసిన పేరది. ఆ కంపెనీ ఒకప్పుడు పిస్తోళ్లు కూడా చేసిందంటే నమ్ముతారా? చేసింది! రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో అమెరికా సైన్యం కోసం 500 తయారుచేసింది. అంతే, మళ్లీ ఆ జోలికి పోలేదు. వాటిలో ఒకటి 2017లో వేలానికి వస్తే 4 లక్షల డాలర్లకు పైగా పలికింది. అంత ధర రావడానికి అరుదైన వస్తువు కావడం ఒక్కటే కారణం కాదు. అసలు రూపు చెదరకుండా ఉండటం కూడా. ఎవరైనా ముచ్చటపడి దాని పిడి మార్చి, ఆకురాయితో అక్కడా ఇక్కడా రుద్ది 'అందంగా' చేసి ఉంటే విలువ ఎంతో పడిపోయేది.

చిత్రమేమిటంటే, సరిగ్గా ఆ పనే అమెరికాలో ఎందరికో సరదా! పాతవాటి జోలికి పోకుండా అదే నమూనాలో కొత్త పిస్తోలు కొంటారు. గ్యారేజీలో బల్లమీద విప్పుతారు. తమ చేతికి, తమ కంటికి నచ్చేలా మార్చుకుంటారు. మన దగ్గర మోటారుసైకిల్‌కి హ్యాండిల్ మార్చి, కొత్త రంగు వేయించి మురిసిపోయే కుర్రాళ్లు లేరూ... ఆ తరహానే. కాకపోతే ఇక్కడ చిన్న పొరపాటుకు మూల్యం పెద్దది.

నాన్న కొట్టులో నేర్చిన విద్య

ఈ సరదాకు ఎక్కువగా బలయ్యేది 1911 అనే పిస్తోలు. ఆ ఏడాది మార్చి 29న అమెరికా సైన్యం దాన్ని స్వీకరించింది కాబట్టి అదే పేరై కూర్చుంది. రూపకర్త జాన్ మోజెస్ బ్రౌనింగ్. యూటా రాష్ట్రంలోని ఆగ్డెన్‌లో 1855లో పుట్టాడు. తండ్రి తుపాకులు బాగుచేసేవాడు. ఆ కొట్టులో పారేసిన ఇనుప ముక్కల మధ్యే పిల్లవాడు పని నేర్చుకున్నాడు. సైన్యం పెట్టిన పరీక్షలో అతని పిస్తోలు 6000 తూటాలు పేల్చినా ఒక్కసారీ మొరాయించలేదు. మరీ వేడెక్కితే నీళ్ల బకెట్లో ముంచి మళ్లీ పేల్చారట! 1985లో కొత్త పిస్తోలు వచ్చేదాకా, అంటే 70 ఏళ్లకు పైగా అదే సైనికుల నడుముకు వేలాడింది.

అంతకాలం నిలవడానికి ఒక కారణం, దాని భాగాలు కాస్త వదులుగా ఉండటం. బురద పడినా ఇసుక పడినా ఆడాలి. ఒకదాని భాగం పాడైతే మరోదానిది తీసి పెడితే సరిపోవాలి. యుద్ధంలో ఆ వదులే వరం. పోటీల్లో మాత్రం అదే శాపం. ఒహాయో రాష్ట్రంలోని క్యాంప్ పెర్రీలో 1907 నుంచి జాతీయ స్థాయి షూటింగ్ పోటీలు జరుగుతూ వచ్చాయి. అక్కడ 50 గజాల దూరంలోని గురిని కొట్టాలంటే బ్యారెల్ ప్రతిసారీ ఒకే చోట కుదురుకోవాలి. దాంతో సైన్యంలోని నిపుణులే భాగాల్ని ఒకదానికొకటి అతికినట్టు బిగించడం మొదలుపెట్టారు. వాళ్లను చూసి మామూలు జనమూ నేర్చుకున్నారు. అయోవా రాష్ట్రంలోని మాంటెజూమా అనే చిన్న ఊళ్లో 1939లో పుట్టిన బ్రౌనెల్స్ సంస్థ, ఇలాంటివాళ్లకు కావలసిన పనిముట్లు, విడిభాగాలు అమ్మే పెద్ద పేరైంది.

ఏది ముట్టుకోవాలి... ఏది వద్దు?

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు పిడి మీద పడతారు. ప్లాస్టిక్ పలకలు తీసి వాల్‌నట్ చెక్కవి బిగించుకుంటారు. అందుకు స్క్రూడ్రైవర్ చాలు. తప్పు జరిగినా నష్టం ఒక చెక్క ముక్కే. తరవాత గురి చూసే బొడిపెలు మార్చుకుంటారు. కాస్త చేయి తిరిగాక పిడి ముందువైపు చెమటకు జారకుండా సన్నటి గళ్లు చెక్కుతారు. అంగుళానికి 20 గీతలా, 30 గీతలా అన్నది చెక్కేవాళ్ల ఓపికను బట్టి. ఒక గీత వంకరపోతే పక్కదీ వంకరే! ఆ పనికి వారాలు పట్టినా ఆశ్చర్యం లేదు.

అసలు చిక్కంతా ట్రిగ్గర్ దగ్గర. తేలిగ్గా నొక్కుడు పడితే గురి బాగా కుదురుతుంది. అందుకని అందరి కన్నూ దానిమీదే. లోపల సియర్ అని చిన్న ముక్క ఉంటుంది. వెనక్కి లాగిన హ్యామర్‌ను పట్టి ఆపేది అదే. ఆ రెండూ ఆనుకునే అంచు ఎంతో తెలుసా? సుమారు అర మిల్లీమీటరు! అక్కడ ఆకురాయి ఒక్క గీటు ఎక్కువ పడితే చాలు... పట్టు సడలుతుంది. నొక్కకుండానే హ్యామర్ పడిపోవచ్చు. ఒకసారి నొక్కితే రెండుసార్లు పేలొచ్చు. పైగా గట్టిపరిచిన పైపొర పోయిందంటే కింద మెత్తటి లోహం. ఇవాళ బాగానే ఉన్నట్టు కనిపించి, కొన్నాళ్లకు అరిగి దగా చేస్తుంది.

అందుకే పోటీ నిర్వాహకులు కూడా మరీ తేలికైన ట్రిగ్గర్‌ని ఒప్పుకోరు. అమెరికాలోని సంప్రదాయ పిస్తోలు పోటీల్లో .45 పిస్తోలు ట్రిగ్గర్ కనీసం మూడున్నర పౌన్ల బరువును ఆపాలి. అంటే కిలోన్నర పైమాటే. బరువు వేలాడదీసి మరీ చూస్తారు. తెలివైన హాబీదారులు ఈ భాగాన్ని ముట్టుకోరు, లైసెన్సున్న నిపుణుడికి అప్పగిస్తారు. ఆ నిపుణులు ఊరికే తయారవరు. కొలరాడోలోని ట్రినిడాడ్ కాలేజీలో 1947 నుంచీ ఈ విద్యను కోర్సుగా చెబుతున్నారు. ఇనుము నుంచి గీకి తీయడమే తప్ప తిరిగి అతికించడం ఉండదు కాబట్టి, చెయ్యి ఎక్కడ ఆపాలో తెలియడమే ఈ విద్యలో సగం.

చట్టం గీసిన గీత

అమెరికాలో కూడా ఇష్టారాజ్యం కాదు. పిస్తోలులో నంబరు ఉండే ఫ్రేమ్ భాగాన్నే చట్టం ఆయుధంగా లెక్కిస్తుంది. సొంతానికి మార్చుకోవచ్చుగానీ పదిమందికీ చేసిపెట్టి వ్యాపారం చేస్తే ఫెడరల్ లైసెన్సు ఉండాలి. పిస్తోలుకు భుజానికి ఆనించే కర్ర తగిలిస్తే వేరే రకం ఆయుధమైపోతుంది. ముందే అనుమతి తీసుకుని నమోదు చేయించాలి. రాష్ట్రానికో తీరు నిబంధనలు అదనం. నంబరు లేకుండా ఇంట్లో బిగించుకునే కిట్ల మీద 2022లో ఆంక్షలు పెట్టారు. 2025 మార్చిలో అక్కడి సుప్రీంకోర్టు వాటిని సమర్థించింది.

ఇల్లన్నాక పిల్లలూ ఉంటారు. 2020లో అమెరికాలో 1-19 ఏళ్ల వయసువాళ్ల మరణాలకు మొదటి కారణం తుపాకులే. రోడ్డు ప్రమాదాలు కూడా ఆ తరవాతే. గ్యారేజీ బల్లమీద సగం విప్పిన పిస్తోలు, పక్క గదిలో పదేళ్ల పిల్లాడు... ఈ రెండూ ఒక ఇంట్లో ఉన్నప్పుడు తాళం వేసిన బీరువా లేని సరదా సరదా కాదు. బల్ల దగ్గరికి తూటా రాకూడదు, పని ఆగితే ప్రతి భాగమూ తాళంలోకి వెళ్లాలి. అనుభవజ్ఞులు మొదటిరోజే చెప్పే పాఠమిది.

మన దగ్గరైతే...

ఈ ముచ్చట మన దేశంలో కుదరదు. 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తుపాకీని తయారుచేయడానికే కాదు, మార్చడానికీ, బాగుచేయడానికీ, పరీక్షించడానికీ లైసెన్సు కావాలి. సొంత తుపాకీకి లైసెన్సు ఉన్నంత మాత్రాన దాన్ని సొంతంగా మార్చే హక్కు రాదు. బొమ్మ తుపాకీని నిజందానిగా మార్చడమూ నేరమే. లైసెన్సు లేకుండా ఇలాంటి పనులు చేస్తే శిక్షను 2019లో బాగా పెంచారు. కనీసం ఏడేళ్లు, గరిష్ఠంగా యావజ్జీవం. డాలస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉండే అన్నయ్య ఇచ్చాడని ఒక విడిభాగాన్ని సూట్‌కేసులో వేసుకొచ్చినా చిక్కే. చట్టం దృష్టిలో భాగం కూడా ఆయుధమే.

మరి చేతి నైపుణ్యం మీద మోజున్న పిల్లలకు దారేది? హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ ఆసియా క్రీడల్లో పతకాలు తెచ్చింది ఈ పిస్తోలు క్రీడలోనే. పోటీ పిస్తోళ్ల చెక్క పిడిని షూటర్లు తమ అరచేతికి అమిరేలా నిబంధనల పరిధిలో కొద్దికొద్దిగా అరగదీసుకుంటారు, అవసరమైన చోట లుకం పెట్టి పూడ్చుకుంటారు. అక్కడ ఆకురాయి ఒక గీటు ఎక్కువ పడినా ఫర్వాలేదు... లుకం ఉందిగా! ట్రిగ్గర్ జోలికి మాత్రం వాళ్లూ సొంతంగా పోరు. పక్కన కోచ్ ఉంటాడు, నిపుణుడు ఉంటాడు, పోటీకి ముందు బరువు వేలాడదీసి చూసే అధికారీ ఉంటాడు.