పని పంచుకున్నారు, పగ్గాలు పంచుకోలేదు

ఏటా మార్చి రెండో ఆదివారం అమెరికాలో గడియారాలు గంట ముందుకు జరుగుతాయి. ఆ మర్నాడు గచ్చిబౌలి, మాదాపూర్ ఆఫీసుల్లో చాలామందికి చిన్నపాటి పండగే. కాలిఫోర్నియా వాళ్లతో రాత్రి పదిన్నరకు ఉండే కాల్ తొమ్మిదిన్నరకే మొదలవుతుంది. నవంబరు మొదటి ఆదివారంతో ఆ ముచ్చట తీరిపోతుంది, మళ్లీ పదిన్నరే. ఐరోపా తన గడియారాన్ని మార్చి ఆఖరి ఆదివారం గానీ మార్చదు. కాబట్టి లండన్, న్యూయార్క్, హైదరాబాద్ మూడూ ఉన్న టీముల్లో ఆ రెండు మూడు వారాలూ ఎవరు ఎప్పుడు కాల్‌లోకి రావాలన్నది ఓ తికమక. మన దేశంలో గడియారం ముల్లు జరిపే ఆనవాయితీ లేదు కనుక భోజనాల వేళ, నిద్ర వేళ జరుపుకుంటూ ఉంటారు.

ఇదేమీ కొత్త ఫిర్యాదు కాదు. క్లయింటు డబ్బిస్తున్నాడు, అతని వేళకు మనం మెలకువగా ఉంటాం అనే లెక్క పాతికేళ్లుగా నడుస్తోంది. దానికి అజైల్ అని పేరు పెట్టడం దగ్గరే పేచీ.

అజైల్ పుట్టింది ఒక గదిలో. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో, స్నోబర్డ్ అనే మంచు కొండల రిసార్టులో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు కలుసుకుని అజైల్ మేనిఫెస్టో రాశారు. ఏళ్ల తరబడి ప్లాన్లు గీసి, చివరికి ఎవరికీ అక్కరకు రాని సాఫ్ట్‌వేర్ అప్పజెప్పే పద్ధతి మీద విసుగు అది. చిన్న చిన్న విడతలుగా కట్టాలి, వాడేవాళ్లకు చూపించాలి, వాళ్లు చెప్పింది విని దిద్దుకుంటూ పోవాలి అన్నారు. మేనిఫెస్టోతో పాటు ఇచ్చిన 12 సూత్రాల్లో ఒకటి, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకోవడాన్ని మించిన సమాచార మార్గం లేదంటుంది. పదమూడు వేల కిలోమీటర్ల అవతలి టీముతో ఎదురెదురుగా ఎలా కూర్చోవాలో అందులో లేదు.

తమాషా ఏమిటంటే, ఆ 17 మందిలో ఒకరైన మార్టిన్ ఫౌలర్ పనిచేసే థాట్‌వర్క్స్ కంపెనీ అదే ఏడాది బెంగళూరులో ఆఫీసు తెరిచింది. అక్కడి అనుభవాల మీద ఫౌలర్ తరవాత రాసిన వ్యాసం ఇప్పటికీ చదవదగ్గదే. అటు వాళ్లు కొందరు ఇటు, ఇటు వాళ్లు కొందరు అటు వెళ్లి నెలల తరబడి ఉండాలని, వాళ్లను రాయబారులుగా చూడాలని అందులో సూచించారు. అంతకన్నా ముఖ్యమైన మాట మరొకటుంది. డిజైన్ ఒక దేశంలో, కోడింగు ఇంకో దేశంలో, టెస్టింగు మూడో చోట అని పని రకాన్ని బట్టి టీములను విడదీయొద్దు, సాఫ్ట్‌వేర్‌లో ఒక భాగాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒక టీముకు అప్పగించండి అని. రాయబారుల సలహా పరిశ్రమకు నచ్చింది. విమాన టికెట్టుతో తేలిపోయేది కదా! రెండోది నచ్చలేదు. నచ్చితే అధికారం కూడా అప్పగించాలి.

అధికారం అప్పగించకపోతే ఏమవుతుందో ఒక మామూలు సందేహాన్ని వెంబడిస్తే చాలు. మంగళవారం ఉదయం పదకొండింటికి హైదరాబాద్‌లో ఒక డెవలపర్‌కు అనుమానం వచ్చింది: కస్టమర్ ఆర్డర్ రద్దు చేసుకుంటే డిస్కౌంట్ కూపన్ తిరిగి చెల్లుతుందా, చెల్లదా? తేల్చాల్సిన ప్రొడక్ట్ ఓనర్ కాలిఫోర్నియాలో ఉంటారు. అక్కడ ఇంకా సోమవారం రాత్రే. మెసేజ్ పెడితే జవాబు ఇక్కడి మంగళవారం రాత్రికి వస్తుంది, డెవలపర్ చూసేది బుధవారం ఉదయం. ఆ జవాబులోంచి మరో ప్రశ్న పుడితే గురువారం. రెండు వారాల స్ప్రింటులో పనిదినాలే పది, అందులో రెండు ఒక్క కూపన్‌కు పోయాయి. అందుకే తెలివైన డెవలపర్లు అడగడం మానేసి, తోచిన అర్థంతో కట్టేస్తారు. తప్పయితే డెమోలో తెలుస్తుంది. తప్పని తేలినా, ఆ నిందంతా కమ్యూనికేషన్ స్కిల్స్ ఖాతాలోకే వెళ్తుంది.

ఈ జాప్యాన్ని కొలిచిన పరిశోధకులు కూడా ఉన్నారు. జేమ్స్ హెర్బ్‌స్లెబ్, ఆడ్రిస్ మాకస్ అనే ఇద్దరు, పలు దేశాల్లో కేంద్రాలున్న ఒక టెలికాం సంస్థ రికార్డులు తవ్వి 2003లో ఫలితాలు ప్రచురించారు. ఒకే చోట ముగిసే పనితో పోలిస్తే, అలాంటి పనే రెండు మూడు చోట్ల నడిస్తే దాదాపు రెండున్నర రెట్లు సమయం తీసుకుంటోందని తేలింది. మనుషులు నెమ్మదిగా పనిచేయడం వల్ల కాదు, అదే పనిలో ఎక్కువమంది చేతులు పెట్టాల్సి రావడం వల్ల. ఆ పరిశోధనలోనే మరో కొసమెరుపు ఉంది. దూరంగా ఉన్న సహోద్యోగుల నుంచి తమకు సాయం తక్కువగా అందుతోందని ఉద్యోగులు చెప్పారు. తాము దూరంగా ఉన్నవాళ్లకు చేసే సాయం మాత్రం ఏమీ తగ్గలేదని కూడా వాళ్లే చెప్పారు. ఇరుపక్షాలూ అదే మాట అంటే, మధ్యలో మాయమైన సాయం ఎవరిదో?

ఇక్కడే సంస్కృతి మీద శిక్షణ తరగతులు మొదలవుతాయి. వాటిలో తప్పకుండా కనిపించే పేరు గీర్ట్ హోఫ్‌స్టెడ్. ఐబీఎం ఉద్యోగుల మీద 1960ల చివర, 70ల మొదట్లో జరిగిన సర్వేల నుంచి ఆ డచ్ పరిశోధకుడు దేశాలకు మార్కులు వేశారు. పెద్దవాళ్ల అధికారాన్ని ప్రశ్నించకుండా ఒప్పుకునే తీరులో భారత్‌కు 77, అమెరికాకు 40, నెదర్లాండ్స్‌కు 38. ఈ అంకెలు స్లైడు మీద చూపించి, భారతీయులు పై అధికారికి కాదని చెప్పలేరని ముగిస్తారు. ఇందులో నిజం లేకపోలేదు. క్లాసులో లేచి ప్రశ్న అడిగితే సారు చిరాకుపడే బడుల్లో చదువుకున్నవాళ్లు ఒక్కసారిగా వైస్ ప్రెసిడెంటును పేరు పెట్టి పిలిచి, మీ ప్లాన్ తప్పు అనడం తేలిక కాదు. కానీ అర్ధశతాబ్దం కిందటి ఒకే కంపెనీ ఉద్యోగుల సర్వేతో ఇవాళ్టి హైదరాబాద్ టెస్టర్ మనసు చదవడం జాతకం చెప్పడం కన్నా పెద్ద మెరుగేమీ కాదు. ఆ టెస్టర్‌కు అప్రైజల్ రాసేది ఎవరు? హైక్ ఎంతో తేల్చేది ఎవరు? కాంట్రాక్టు రద్దు చేయగలిగేది ఎవరు? ఈ మూడింటికీ జవాబు కాల్‌లో అవతల ఉన్న మనిషే అయితే, ఏ దేశంలో పుట్టినవాళ్లయినా సరేనండీ అనే అంటారు.

సంస్కృతి తేడా ఏమాత్రం లేనిచోట కూడా మాట అవతలికి చేరకపోవచ్చు. 1999 సెప్టెంబరు 23న నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అంగారకుడికి మరీ దగ్గరగా వెళ్లి నాశనమైంది. కొలరాడోలోని లాక్‌హీడ్ మార్టిన్ సాఫ్ట్‌వేర్ థ్రస్టర్ల లెక్కలను పౌండ్లలో ఇచ్చింది, కాలిఫోర్నియాలోని జెట్ ప్రొపల్షన్ ల్యాబ్ వాటిని న్యూటన్లనుకుంది. ఒకే దేశం, ఒకే భాష, ఒక గంట కాలభేదం. కొలమానాల సంగతి అందరికీ తెలిసిందే, పెద్దగా ప్రచారం కానిది మరొకటుంది. దారి లెక్కలు చూసే బృందానికి ముందే అనుమానాలు వచ్చాయి. వాటిని ఈమెయిళ్లలో మామూలుగా ప్రస్తావించారే గానీ, సమస్యను అధికారికంగా నమోదు చేసే పద్ధతిలో వెళ్లలేదు. ఆ అనుమానాల అంతు తేల్చే పనీ జరగలేదు.

మరి బాగా నడిచిన టీములు లేవా? ఉన్నాయి. డచ్ రైల్వే వ్యవస్థను చూసే ప్రోరైల్ సంస్థ ప్రయాణికులకు రైళ్ల సమాచారమిచ్చే సాఫ్ట్‌వేర్‌ను పాత పద్ధతిలో మూడేళ్లు కట్టించుకుని విఫలమైంది. తరవాత జెబియా అనే కంపెనీ నెదర్లాండ్స్, భారత్ ఇంజినీర్లతో ఆ పని చేపట్టింది. అక్కడొక టీము, ఇక్కడొక టీము అని పెట్టలేదు. ప్రతి టీములోనూ సగం మంది అక్కడ, సగం మంది ఇక్కడ. ఇక్కడివాళ్లు మొదట అక్కడికి వెళ్లి, డచ్ సహచరులతో కలిసి పనిచేసి, క్లయింటును ఎరిగి తిరిగొచ్చారు. అందరిదీ ఒకే స్టాండప్ (రోజువారీ చిన్న సమావేశం), ఒకే పని జాబితా. 2008లో ఈ అనుభవాన్ని పత్రంగా వెలువరించిన వారిలో స్క్రమ్ అనే అజైల్ పద్ధతి రూపకర్తల్లో ఒకరైన జెఫ్ సదర్లాండ్ కూడా ఉన్నారు. సొంత సరుకును పొగుడుకునే రాతల్లో కొంత తరుగు తీసి చదవడం మంచిదే. అయినా ఒకటి కాదనలేం: నెదర్లాండ్స్‌కు, మనకు తేడా వేసవిలో మూడున్నర గంటలు, శీతాకాలంలో నాలుగున్నర. అక్కడ ఉదయం తొమ్మిదంటే ఇక్కడ మధ్యాహ్న భోజనం వేళ. ఎవరి నిద్రా పాడవకుండా సగం రోజు కలిసి పనిచేయొచ్చు.

కాలిఫోర్నియాతో ఆ వీలు లేదు. పన్నెండున్నర, పదమూడున్నర గంటల తేడాలో ఒకే టీము నడుపుతామనడం మొండితనం. అలాంటప్పుడు చేయాల్సింది ఫౌలర్ ఎప్పుడో చెప్పిందే: ఒక ప్రొడక్టును, దాని నిర్ణయాలతో సహా, ఒకవైపు వదిలేయాలి. కలిసి ఉండే గంటలు తక్కువైన చోట రాతను నమ్ముకోవాలి. ఆఫీసే లేని గిట్‌ల్యాబ్ కంపెనీ తన పనితీరంతా ఒక చేతిపుస్తకంలో రాసి, ఎవరైనా చదువుకునేలా పెట్టింది. 2017 జనవరి 31 రాత్రి ఆ కంపెనీలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే చెరిపేశాడు. 300 జీబీల్లో మిగిలింది నాలుగున్నర. బ్యాకప్‌లు చూస్తే ఒకదాని తరవాత ఒకటి పనిచేయడం లేదని బయటపడింది. యాదృచ్ఛికంగా ఆరు గంటల ముందు తీసిపెట్టిన కాపీ ఆదుకుంది. అంత సంకటంలోనూ ఏం జరుగుతోందో లోకమంతా చదివేలా రాస్తూ, మరమ్మతు పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్ష ప్రసారం చేశారు. తరవాతి నివేదికలో ఆ ఇంజినీరు పేరు లేదు, తప్పుకు దారిచ్చిన వ్యవస్థ మీదే దృష్టి. మన ఆఫీసుల్లో ఆర్‌సీఏ, అంటే తప్పుకు మూలం వెతికే విచారణ, అనగానే ముందు ఎవరి పేరు ఇరుక్కుంటుందోనని గుండెలు దడదడలాడే వాతావరణం ఉన్నంతకాలం, తప్పును తొలి పది నిమిషాల్లో ఒప్పుకునేవాళ్లు దొరకరు.

తెలుగువాళ్ల సంగతి ఇంకొకటి చెప్పుకోవాలి. న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఆన్‌సైట్ కోఆర్డినేటర్ తెలుగు మనిషైతే, అసలు కాల్ ముగిశాక తెలుగులో ఇంకో కాల్ నడుస్తుంది. క్లయింటు నిజంగా ఏమన్నాడు, ఎందుకు చిరాకుపడ్డాడు, ఏది ముందు ముగిస్తే చాలు అన్నది అందులో తేలిపోతుంది. పనులు చకచకా అవుతాయి, నిజమే. కానీ అదే టీములోని మరాఠీ అమ్మాయికి, పోలెండ్ టెస్టర్‌కు ఆ నిర్ణయం ఎప్పుడు జరిగిందో, ఎందుకు జరిగిందో తెలియదు. కాలిఫోర్నియా వాళ్లు తమను అడగకుండా తేల్చేశారని రాత్రంతా వాపోయినవాళ్లే, తెల్లారాక ఇంకొకరికి అదే చేస్తున్నారు.

ఐటీ పరిశ్రమ సంఘం నాస్కామ్, సలహా సంస్థ జిన్నోవ్ ఇచ్చిన 2024 నివేదిక ప్రకారం విదేశీ కంపెనీల సొంత కేంద్రాలు, అంటే జీసీసీలు, దేశంలో 1,700 దాటాయి. వాటిలో పనిచేసేవాళ్లు 19 లక్షలు. బెంగళూరు తరవాత అందరి చూపూ హైదరాబాద్ మీదే. వీటిలో కాంట్రాక్టు భయం లేదు కనుక పగ్గాలు పంచుకోవడానికి ఇదే అదను. కొన్నిచోట్ల ప్రొడక్ట్ ఓనర్లు ఇక్కడే కూర్చుంటున్నారు కూడా. చాలాచోట్ల మాత్రం బోర్డు మారింది, రాత్రి కాల్ మారలేదు. ఉద్యోగంలో చేరేవాళ్లు ఇంటర్వ్యూలో జీతంతో పాటు ఇంకొకటి అడగొచ్చు: నాణ్యత బాగోలేదనిపిస్తే రిలీజ్ ఆపే అధికారం హైదరాబాద్‌లో ఎవరికైనా ఉందా?

ఫౌలర్ చెప్పిన రాయబారుల ప్రయాణాలకూ మనవాళ్లు కొత్త అర్థం ఇచ్చారు. ఇటునుంచి అటు వెళ్లడం బహుమానం, ఎక్కువ కోడు రాసినవాళ్లకో, మేనేజర్‌కు నచ్చినవాళ్లకో దక్కేది. వెళ్లినవాళ్ల దృష్టి రాయబారం మీద కన్నా అక్కడ ఉండిపోయే దారుల మీద ఉంటే వాళ్లను తప్పుపట్టలేం. అటునుంచి వచ్చేవాళ్లది ఇంకో వరస: రెండు రోజులు, ఒక టౌన్‌హాల్ సమావేశం, ఒక బిర్యానీ, చార్మినార్ దగ్గర ఒక ఫొటో. ఆ ఖర్చుతోనే ఒక అమెరికన్ ఇంజినీరును పూర్తిగా ఒక స్ప్రింటు ఇక్కడి టీముతో కూర్చోబెట్టొచ్చు. అద్దాల కాన్ఫరెన్స్ గదిలో కాదు, టీము మధ్యలో మామూలు సీట్లో. అందరిలాగే జాబితాలోంచి ఒక పని తీసుకోవాలి. సందేహం వస్తే జవాబు కోసం రాత్రి దాకా కాచుకోవాలి. రాసిన కోడును నిరుడే ఉద్యోగంలో చేరిన వరంగల్ కుర్రాడో, భీమవరం అమ్మాయో రివ్యూ చేసి, ఇక్కడ తప్పుందండీ అని వెనక్కి పంపాలి.