తెరచుకొనని ఉత్తరము



దూరదేశములలోని పిల్లలు పంపిన పెద్ద ఈమెయిల్ తెరవబోతే చక్రము తిరుగుచునే ఉన్నదని పలు పల్లెల నుండి మాకు వ్రాయుచున్నారు. ఫోను పాడైనదనుకొనకండి. ముందుగా వేరొక చిన్న ఉత్తరము తెరచి చూడండి. అది వెంటనే తెరచుకొంటే, బరువంతా ఆ పెద్ద ఉత్తరములోనే ఉన్నదన్నమాట.

కువైట్‌లో ఆపరేషనైన కుమారుని ఉత్తరము వచ్చియు తెరచుకొనక ఒక సహోదరి రాత్రంతా మేలుకొన్నారు. "క్షేమమేనమ్మా" అన్న మాట తొమ్మిది ఫోటోల క్రింద ఉన్నది! ఇప్పటి సెల్‌ఫోను ఫోటో ఒక్కటే మూడు నాలుగు ఎంబీలు ఉండును. మాటల నడుమ అతికించిన ఫోటోలన్నియు ఉత్తరముతో పాటే దిగవలెను. విడిగా జతపరచినవైతే మనము నొక్కినప్పుడే పూర్తిగా దిగును. కనుక పిల్లలకు చెప్పండి: కబురు మొదట, ఫోటోలు విడిగా, అవి కూడ చిన్నవి చేసి. జీమెయిల్‌లో 25 ఎంబీలు దాటినవి ఎలాగూ డ్రైవ్ లింకుగానే వచ్చును.

చర్చి ఆఫీసు కంప్యూటరులో ఆలస్యమైతే క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో విండో తెరచి చూడండి. అందులో వేగముగా వచ్చినచో, బ్రౌజరుకు ఎవరో తగిలించిన ఎక్స్‌టెన్షన్లే కారణము కావచ్చును, ఒక్కొక్కటిగా తీసివేయండి. జవాబు మీద జవాబుగా ఏండ్ల తరబడి పెరిగిన ఉత్తరమైతే, దానిని వదలి క్రొత్తది మొదలుపెట్టుటయే మేలు.