కనబడని చుక్కకూ కొలత ఉంది

"కనబడనిది ప్రింటవ్వదు, వదిలేయ్." డిజైన్ పని చేసేవాళ్ల నోట ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఫైల్లో ఓ మూల రంగూ గీతా లేని చుక్క మిగిలిపోయిందనో, ఒక్క అక్షరమూ టైపు చేయని టెక్స్ట్ పెట్టె పడి ఉందనో చూపిస్తే వచ్చే జవాబు ఇదే. ఈ మాట తప్పు. వెక్టర్ బొమ్మ కాగితం మీదికే వెళ్లే రోజుల్లో కొంత చెల్లిందేమో గానీ, అదే ఫైలు కట్టర్‌కీ వెబ్‌సైటుకీ ఫోనుకీ వెళ్తున్న ఈ రోజుల్లో చెల్లదు.

నేను న్యూజెర్సీలోని ఎడిసన్‌లో ఉంటాను. ఒక ఏడాది మా ఉగాది వేడుక వేదికకు వినైల్ స్టిక్కర్లు కావాల్సి వచ్చాయి. హైదరాబాదులో గీయించిన కలశం బొమ్మను ఎస్‌వీజీ ఫైలుగా ఇక్కడి షాపుకు పంపి, వెడల్పు 10 అంగుళాలు అని రాశాను. కోసి తెచ్చిన కలశం 4 అంగుళాలు కూడా లేదు. ఫైలు తెరిచి చూస్తే బొమ్మకు చాలా దూరంగా, కుడివైపున, ఒకే ఒక్క యాంకర్ పాయింట్. గీసేటప్పుడు పెన్ టూల్‌తో ఒకసారి నొక్కి, గీత సాగించకుండా వదిలేసిన చుక్క అది. సాఫ్ట్‌వేరు దాన్నీ కలుపుకుని కొలిచింది. మేమడిగిన వెడల్పులో సగానికి పైగా ఆ ఖాళీకే పోయింది.

దీన్ని సాఫ్ట్‌వేరు లోపమని కొట్టిపారేయడం కుదరదు. కాలిఫోర్నియాలో జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ 1982లో అడోబీ కంపెనీని స్థాపించి, 1984లో ముద్రించే పేజీని వర్ణించే పోస్ట్‌స్క్రిప్ట్ భాషను తెచ్చినప్పుడే ఆకారాన్నీ రంగునూ రెండు వేర్వేరు పనులుగా విడదీశారు. ముందు దారి వేయాలి; తర్వాత దాన్ని నింపమనో, దాని వెంట గీత గీయమనో చెప్పాలి. రెండో మాట చెప్పకపోతే దారి ఉంటుంది, కాగితం మీద మరక మాత్రం పడదు. 1987లో వచ్చిన అడోబీ డ్రాయింగ్ సాఫ్ట్‌వేరు ఇల్లస్ట్రేటర్ ఆ పునాది మీదే నిలబడింది. 2001లో వెబ్ ప్రమాణమైన ఎస్‌వీజీ కూడా అదే పద్ధతి పట్టింది. అందులో హద్దుల పెట్టె కొలిచేటప్పుడు రంగు లేని ఆకారాలను కూడా కలుపుకోవాలని నియమమే ఉంది. అంటే ఫైలు దృష్టిలో ఆ చుక్క మిగతా గీతలతో సమానం. కంటిని తప్పించుకోవచ్చు, కొలతను తప్పించుకోలేదు.

మన తెలుగు పనిలో దీనికి ఇంకో చిక్కు తోడవుతుంది. ఖాళీ టెక్స్ట్ పెట్టె తనకిచ్చిన ఫాంటు పేరును వదలదు. మన డీటీపీ సెంటర్లలో అను ఫాంట్ల వాడకం బాగా పాతుకుపోయింది. పెళ్లి శుభలేఖలో అక్షరాలన్నింటినీ ఔట్‌లైన్లుగా మార్చి జాగ్రత్తగానే ఇక్కడికి పంపుతారు. కానీ ఎప్పుడో టైప్ టూల్‌తో నొక్కి వదిలేసిన ఖాళీ పెట్టె ఒకటి అను ఫాంటు పేరుతో అలాగే ఉండిపోతుంది. ఇక్కడి ప్రింటరు ఫైలు తెరవగానే ఫాంటు లేదని హెచ్చరిక. తెలుగు చదవలేని మనిషికి ఏ ఒత్తు ఎగిరిపోయిందో, ఏ గుణింతం చెడిందో ఎలా తెలుస్తుంది? పని ఆపేస్తాడు. అతను ఆపడమే న్యాయం. ఇక్కడ మధ్యాహ్నమయ్యేసరికి హైదరాబాదులో రాత్రి. జవాబు రావడానికి ఒక రోజు పోతుంది. శుభలేఖకు ఒక రోజంటే చిన్న విషయం కాదు.

"అయితే క్లీనప్ నొక్కితే సరిపోతుందిగా" అంటారు. ఇది మరీ తొందరపాటు మాట. ఇల్లస్ట్రేటర్‌లోని ఆ ఆదేశం విడిచుక్కలను, రంగు లేని ఆకారాలను, ఖాళీ టెక్స్ట్ పెట్టెలను ఒక్క దెబ్బతో తుడిచేస్తుంది. కానీ ప్రతి ఖాళీ చెత్త కాదు. గూగుల్ మెటీరియల్ ఐకాన్ల ఎస్‌వీజీ ఫైళ్లు చూడండి: చాలావాటిలో 24కి 24 కొలతలో రంగు లేని చతురస్రం ఒకటి ఉంటుంది. అది కావాలని పెట్టిన చట్రం. దాన్ని పీకేస్తే, బొమ్మ హద్దులను బట్టి కొలిచే ప్రోగ్రాముల్లో ఒక్కో ఐకాను ఒక్కో సైజుకు పోతుంది. వెబ్ మ్యాపుల్లో వేలి తాకిడిని పట్టుకోవడానికి పెట్టే కనబడని ఆకారాలూ ఇలాంటివే.

కాబట్టి తుడిచే ముందు చూడాలి. తాళం వేసిన లేయర్లన్నీ తెరిచి, దాచినవి బయటపెట్టి, మొత్తం సెలెక్ట్ చేస్తే చాలు. హద్దుల పెట్టె బొమ్మను దాటి పోతే ఏదో ఉన్నట్టే. ఇల్లస్ట్రేటర్‌లో కంట్రోల్ వై నొక్కి ఔట్‌లైన్ చూపులోకి వెళ్తే రంగులు తొలగి, దాక్కున్నదంతా బయటపడుతుంది. ఇంక్‌స్కేప్ అనే మరో డ్రాయింగ్ సాఫ్ట్‌వేరులో ట్యాబ్ నొక్కుతూ పోతే ఒక్కో వస్తువూ వరుసగా సెలెక్ట్ అవుతుంది, కనబడనివి కూడా. దొరికిన ప్రతిదాన్నీ ఎవరు, ఎందుకు పెట్టారని అడిగి, అక్కర్లేనిదైతేనే తీసెయ్యాలి. గడువు తరుముతుంటే ఇంత తీరికెక్కడిదంటారు. గీసినవాళ్ల దగ్గర ఇది రెండు నిమిషాల పని. కోసేవాళ్ల దగ్గరికి చేరాక పాడైన వినైల్.

ఆ వినైల్ ఖర్చు షాపే భరించాలని మా ఉగాది కమిటీలో కొందరు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. ఫైలు పంపింది మనం, చుక్క మనది. డబ్బు కట్టి, చుక్క తీసి, మళ్లీ కోయించాం.