విజయనగరమునకు వచ్చిన పేరు

చిన్నతనమున మేము గుడిముంగిట బొబ్బిలి బుఱ్ఱకథ వినుచు, విజయనగరమను పేరే గిట్టనివారమై యుంటిమి. 1757 జనవరి 24వ తేదీన విజయనగర ప్రభువు ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగుల యండతో బొబ్బిలికోటను పట్టెను. యుద్ధమున గెలిచినది విజయనగరము. కథలో గెలిచినది బొబ్బిలి. తంబుర మీటిన కథకులు ఓడిన యూరిని పౌరుషమునకు పుట్టినిల్లు చేసి, గెలిచిన యూరికి అపకీర్తి మిగిల్చిరి. శత్రువుల చేజిక్కకుండ కోటలో తమవారిచేతనే హతులైన స్త్రీలయొద్ద మాత్రము, మేము విన్న కథ క్షణమైనను నిలువలేదు. తాండ్ర పాపారాయని కత్తికే రాత్రియంతయు చాలకపోయెను!

విజయనగరపు టపకీర్తి గజ్జెల మ్రోతలో అణగినది. ఆ బొబ్బిలి ప్రాంతపు అజ్జాడలోనే 1864లో జన్మించిన ఆదిభట్ల నారాయణదాసుగారు విజయనగరమును నెలవు చేసికొని, చిడతలు పట్టి హరికథను తెలుగునాట నలుదెసల వినిపించిరి. 1919లో అచట నెలకొన్న సంగీత కళాశాలకు తొలి ప్రిన్సిపాలు వారే. గడప దాటనీయని యింటి కోడలినైనను గుడికి పోనిత్తురు గనుక, హరికథ ఆమెకును దక్కినది.

అయినను మాకు మిక్కిలి గొప్పగ తోచునది మఱియొకటి. ఆనందగజపతి మహారాజుగారు విశాఖపట్టణ మండలపు బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్ల కాలమున జరిగిన శుల్కవివాహముల పట్టిక వ్రాయించిరి. 1034 లెక్కకు వచ్చినవి. వధువులలో ఐదేండ్లవారు 99 మంది. మూడేండ్లవారు 36 మంది. ఏడాది పసికందులు ముగ్గురు! సొమ్ము పుచ్చుకొన్నవారు ఒప్పుకొన వెనుదీసిరి గనుక పట్టిక సమగ్రము కాదని గురజాడ అప్పారావుగారే పీఠికలో వ్రాసిరి. ఆ కాగితము కచ్చేరి పెట్టెలోనే యుండినచో చెదలకు దక్కెడిది. అప్పారావుగారు ‘కన్యాశుల్కము’ వ్రాసిరి. 1892లో విజయనగరముననే అది ప్రదర్శింపబడెను. తమ యిండ్ల గుట్టును దీపముల వెలుగున, పదిమంది నడుమ చూచి నవ్వుట సామాన్యమా? నవ్వినవారిలో శుల్కము పుచ్చుకొన్న తండ్రులును ఉండియుందురని మా యనుమానము.

నేడు మా పిల్లలకు విజయనగరమనగా గిరీశము, మధురవాణి, కోట యెదుటి బొంకులదిబ్బ. బుస్సీ యెవరని మమ్మడుగుదురు, చెప్పుదుము. ఆ పట్టికకెక్కిన పిల్లలలో ఒక్కతె పేరైనను చెప్పుమన్నచో, బొబ్బిలికోటలోని స్త్రీల విషయమునవలెనే, మాకు తోచదు.